‘నిల్’ అని రాసిన నీళ్లు

1997 మే నెల. మంచిర్యాలకు కొంత దూరంలో, గోదావరి ఒడ్డున, గని కార్మికుల కాలనీ ఒకదానికి నీళ్లిచ్చే ఫిల్టర్ బెడ్‌లో నేను కెమిస్టుగా పనిచేస్తున్నాను. ఫిల్టర్ బెడ్ అంటే నది నుంచి తోడిన నీళ్లలో పటిక కలిపి, మడ్డిని అడుగుకు దించి, ఇసుక పొరల్లో వడగట్టి, చివరికి బ్లీచింగ్ పౌడర్ కలిపి నల్లాలకు వదిలే చోటు. అక్కడ నాకో గది, ఒక బల్ల, ఒక సింకు, అరల నిండా గాజు సీసాలు. హుజూరాబాద్ నుంచి వచ్చి అప్పటికి ఆరేళ్లయింది. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీలో నాకు మంచి మార్కులు వచ్చాయి. ఆ సంగతి నేను మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు కూడా. జరిగినదానికీ నా ఆ పొగరుకూ సంబంధం ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

మా పని సవ్యంగా సాగినన్ని రోజులు మేమున్నామని ఎవరికీ గుర్తుండదు. పొద్దున ఏడింటికి నది నీళ్లు, వడగట్టిన నీళ్లు, కాలనీలో చివరి నల్లా నీళ్లు మూడు సీసాల్లో నా బల్ల మీదికి వస్తాయి. మడ్డి ఎంతుంది, పటిక ఎంత వేయాలి, చివరి నల్లా దగ్గర క్లోరిన్ మిగిలి ఉందా లేదా అని చూస్తాను. అలా మిగిలినదాన్ని రెసిడ్యువల్ అంటాం. అది ఉంటే దారిలో పైపు పగిలి మురికి కలిసినా క్రిములు బతకవు. రెండు చుక్కల మందు వేయగానే ఆ నీళ్లు పసుపు రంగుకు తిరగాలి. ఆ పసుపు కనపడితే చాలు, ఆ పూటకు కాలనీ అంతా క్షేమమని నా ధీమా.

ఆ ఏడాది నా బల్ల మీదికి ఇంకో వస్తువు చేరింది. నేను పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గైడుగారి ల్యాబ్‌లో నీళ్లలోని ఫినాల్‌ను పట్టే సెన్సార్ ఒకటి తయారుచేస్తున్నాం. ఫినాల్ అనేది బొగ్గును కాల్చి తారు తీసేచోట వ్యర్థాల్లో వచ్చే విషం. మా సెన్సార్ చూడడానికి పెన్సిలంత కార్బన్ కడ్డీ. దాని కొన మీద కంటికి ఆనని పల్చటి పాలిమర్ పొర. ఆ పొర పోసేటప్పుడే అందులో ఫినాల్ కలుపుతాం, గట్టిపడ్డాక ఫినాల్‌ను కడిగేస్తాం. తడి మట్టిలో చింతగింజను నొక్కి, మట్టి ఆరాక గింజను తీసేస్తే దాని ఆకారంలో గుంట మిగులుతుంది కదా, అలాంటి గుంటలు పొర నిండా మిగులుతాయి. ఇంప్రింటెడ్ పాలిమర్ అంటే అదే. కడ్డీని నీళ్లలో ముంచితే ఫినాల్ అణువులు వచ్చి ఆ గుంటల్లో కూర్చుంటాయి. అప్పుడు కరెంటు పంపిస్తే గ్రాఫు కాగితం మీద గీత గుట్టలా లేస్తుంది. పోల్చి చూసుకోవడానికి గుంటలు లేని పొరతో ఇంకో కడ్డీ ఉంటుంది. దాని గీత లేవకూడదు.

పంపు ఆపరేటర్ మల్లేశం గుమ్మంలోంచి తొంగిచూసి, "మేడం వైర్లకు పూజ జేస్తంది" అని నవ్వేవాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం లచ్చవ్వ వచ్చింది. కాలనీలో చివరి లైను క్వార్టర్లలో ఉంటుంది. భర్త గనిలో పనిచేస్తూ పోతే ఆ ఉద్యోగం కొడుకు రాజలింగుకు వచ్చింది. కొడుకు, కోడలు సరోజ, నాలుగేళ్ల మనవరాలు స్వప్న, ఇంతే ఆమె సంసారం. చేతిలో మూత పెట్టిన స్టీలు చెంబు ఉంది. వెనకాల కొంగు పట్టుకుని స్వప్న.

"మేడం, గీ నీళ్లు జర చూడుండ్రి. నాలుగొద్దుల సంది దవాఖాన వాసనస్తంది."

"బ్లీచింగ్ వాసన అవ్వా. ఎండాకాలం కొంచెం ఎక్కువ వేస్తం."

"బ్లీచింగ్ నాకెరుక లేదా? ఇరవై ఏండ్ల సంది తాగుతున్న. గిది గది కాదు. పుండు కడిగే మందు లెక్కున్నది. బువ్వ వండితే బువ్వ గూడ గదే వాసన. గీ పోరి గిలాస మూతికాడ వెట్టంగనే ఉమ్మేస్తంది."

ఔనన్నట్టు పిల్ల మొహం వికారంగా పెట్టింది. నేను చెంబు వాసన చూశాను, ఒక గుక్క తాగాను. నాకేమీ తెలియలేదు. ఆరేళ్లుగా క్లోరిన్ పీల్చి పీల్చి మొద్దుబారిన ముక్కు నాది. ఆ ఆలోచనే అప్పుడు నాకు తట్టలేదు. నాకు రాలేదు కాబట్టి వాసనే లేదనుకున్నాను. అయినా "చెంబు ఇక్కడ పెట్టి పో అవ్వా, పరీక్ష చేస్తా" అన్నాను.

వాళ్లు వెళ్లాక చెంబులోని నీళ్లనూ, ఆ పొద్దుటి నది నీళ్లనూ పక్కపక్కన పెట్టుకుని సెన్సార్ ముంచాను. చెంబు నీళ్లలో గీత కొద్దిగా, నది నీళ్లలో బాగా లేచింది. గుంటలు లేని కడ్డీ పెడితే లేవలేదు. నిజానికి అక్కడే ఆగి ఆలోచించాల్సింది. నేను రెండోసారి పెట్టి చూశాను, గుట్ట సగానికి తగ్గింది. మూడోసారికి ఇంకా పడిపోయింది. ఒకే నీళ్లకు మూడుసార్లు మూడు రకాల జవాబు చెప్పే పరికరాన్ని ఎవరు నమ్ముతారు? పైగా పరిశోధన సగంలో ఉంది. ఎండకు నదిలో కుళ్లిన ఆకుల్లోంచి ఫినాల్‌ను పోలిన పదార్థం ఏదో వచ్చి ఉంటుందిలే అనుకున్నాను.

ఇంజినీరు సారుకు మాత్రం చెప్పాను. ఆయన మంచివాడే, కానీ దేనికైనా ఆచితూచి అడుగేసే మనిషి.

"నీ వైరును నమ్మి నల్లాలు బందు పెడితే, రేపు ఏం లేదని తేలితే జవాబు ఎవరు చెప్పాలమ్మా? అప్రూవ్డ్ మెథడ్‌కు పంపు. కరీంనగర్ ల్యాబ్ ఏం చెప్తే అది."

ఆ మాటలో తప్పేమీ లేదు. తప్పంతా ఆ తర్వాత నేను చేసినదాంట్లోనే ఉంది. ఫినాల్ పరీక్షకు వెళ్లే శాంపిల్‌కు ఒక కట్టుబాటు ఉంది. నీళ్లలోని బ్యాక్టీరియా ఫినాల్‌ను తినేస్తుంది. అందుకని నీళ్లు పట్టిన వెంటనే అందులో ఫాస్ఫారిక్ ఆసిడ్, మైలుతుత్తం వేసి, ఐసులో పెట్టి, ఒక రోజు దాటకుండా పరీక్ష చేయాలి. నా దగ్గర ఆసిడ్ అయిపోయింది. ఇండెంటు పెట్టి నెలైనా కొత్త సీసా రాలేదు. మంచిర్యాలలో ఐసు దొరుకుతుంది, కాలేజీ ల్యాబ్‌లో అడిగితే ఆసిడ్ దొరుకుతుంది. కానీ ఆ ఎండలో పోయి తెచ్చేదెవరు? ఒక్కరోజుకేమవుతుందిలే అని ఏమీ కలపని నది నీళ్లనే డబ్బాలో పట్టి శనివారం బస్సులో పంపించాను. డబ్బా అక్కడికి చేరేసరికి ల్యాబ్ మూసే వేళ దాటింది, మరునాడు ఆదివారం. సోమవారం పొద్దున గానీ దాని మూత తియ్యలేదు. అది వాళ్ల తప్పు కాదు. డబ్బా మీద ‘అర్జెంటు’ అని కూడా నేను రాయలేదు. మే నెల ఎండలో రెండు రోజులకు పైగా ఉడికిన ఆ నీళ్లలో పరీక్ష చేయడానికి ఇంకేం మిగిలి ఉంటుంది?

బుధవారం రిపోర్టు వచ్చింది. ఫినాలిక్ కాంపౌండ్స్: నిల్. అంటే ఏమీ లేవని.

అది చూసి నాకు హాయిగా అనిపించిందని సిగ్గు విడిచి చెబుతున్నాను. నీరు తాగడానికి యోగ్యమైనదని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, కాలనీ బోర్డు మీద అంటించమన్నాను. తర్వాత మల్లేశాన్ని పిలిచాను. "వాసన వాసన అంటున్నరు కదా, నదిలో నాచేదో అయి ఉంటది. బ్లీచింగ్ డోసు పెంచు" అన్నాను. అతను పెంచాడు.

నీళ్లలో ఫినాల్ కాస్త ఉన్నా మనిషి నోటికి అంతగా తెలియదు. క్లోరిన్ తగిలితే అది క్లోరోఫినాల్‌గా మారుతుంది. అది వంద కోట్ల చుక్కల నీళ్లలో ఒకటి రెండు చుక్కలున్నా నోటికి దవాఖాన వాసనగా తగులుతుంది. నేను పెంచిన ఆ కొద్దిపాటి బ్లీచింగ్ వాసనను చంపదు, ఇంకా పుట్టిస్తుంది. ఇది నేను చదివిందే, పరీక్షలో రాసిందే. కానీ నిల్ అన్న కాగితం చేతికొచ్చాక నా బుర్ర ఇక ఆ దిక్కుకే పోలేదు.

రెండు రోజులకే లచ్చవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి చెంబు తేలేదు.

"మేడం, వాసన ఇంక జాస్తయింది. లైనుల ఎవ్వలు నోట్లె పెడ్తలేరు."

"రిపోర్టు వచ్చింది అవ్వా. నీళ్లల్ల ఏం లేదు. బోర్డు మీద పెట్టినం, నా సంతకం గూడ ఉంది."

"నాకు సదువు రాదు బిడ్డా. నోరైతే ఉన్నది గదా."

"నోటికే అన్నీ తెలిస్తే ఇక మేమెందుకు ఇక్కడ?"

ఆమె నన్నొకసారి చూసి వెళ్లిపోయింది. ఆ మాట అన్నప్పుడు నాకు ఏమీ అనిపించలేదు, గట్టిగా జవాబు చెప్పానని కాస్త సంతోషం కూడా వేసింది. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మరునాటి నుంచి ఆ లైను ఆడవాళ్లు పాతబావికి పోవడం మొదలుపెట్టారు. క్వార్టర్ల వెనక, మురుగు పారే మోరీకి పదడుగుల దూరంలో, కాలనీ కట్టకముందు నుంచీ ఉన్న చేదబావి. లచ్చవ్వే మొదట చేద వేసి, నోట్లో పోసుకుని చూసి, నీళ్లు మంచిగున్నయని నలుగురికీ చెప్పిందట. ఆ నీళ్లు తేటగా, తియ్యగా ఉంటాయి, నిజమే. మనిషి నోరు క్లోరోఫినాల్‌ను పట్టగలదు. క్రిములను పట్టలేదు. నేను డ్యూటీకి వచ్చే దారిలోనే ఆడవాళ్లు బిందెలతో పోతూ కనపడ్డారు. ఆపి, అవి తాగొద్దనో, కాచి తాగండనో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. నేను ఇచ్చే నీళ్లను కాదన్నారని నాకు ఉడుకుమోత్తనం. నాలుగు రోజులు మోస్తే వాళ్లే దారికొస్తారని మొహం తిప్పుకుని పోయాను.

జూన్‌లో మొదటి వాన దంచి కొట్టింది. మోరీ పొంగి బావి గట్టు దాకా వచ్చింది. మూడో రోజుకు ఆ లైనులో వాంతులు, బేదులు మొదలయ్యాయి. దవాఖానలో మంచాలు చాలక వరండాలో చాపలేసి, కిటికీ ఊచలకు సలైన్ సీసాలు కట్టారు. పెద్దవాళ్లు కోలుకున్నారు. స్వప్న కోలుకోలేదు. దవాఖానలో చేర్చిన రెండో రోజు పొద్దున మల్లేశం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, లచ్చవ్వ మనుమరాలు సచ్చిపోయింది."

నా చేతిలో చివరి నల్లా సీసా ఉంది. అందులో పసుపు రంగు నిండుగా ఉంది.

బావి నీళ్లు తెప్పించి పరీక్షకు పెట్టాను. క్రిములు ఉంటే గొట్టాల్లో గాలి బుడగలు వస్తాయి. ఒక్క గొట్టం మిగలకుండా అన్నింట్లోనూ వచ్చాయి. తర్వాత ఎస్టీడీ బూతుకు పోయి మా గైడుగారికి ఫోన్ చేశాను. గీత ముంచినకొద్దీ తగ్గిపోయిన సంగతి చెప్పాను.

"అది పరికరం తప్పు కాదమ్మా. ఫినాల్ మొదటిసారి ఆక్సీకరణ కాగానే జిగురులా కడ్డీని పూసేస్తుంది. అందుకే రెండోసారికి గీత పడిపోతుంది. అలా పడిందంటే ఫినాల్ ఉందనే ఎక్కువ అనుమానించాలి. నన్ను అప్పుడే అడగకపోయావా?"

అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుందని అడగలేదు.

మరునాడు మంచిర్యాల కాలేజీ ల్యాబ్‌లో ఆసిడ్ అడిగి తెచ్చుకున్నాను, ఐసు కొన్నాను. మల్లేశం, నేను ఒడ్డు వెంట ఎగువకు నడిచాం. నది నుంచి మేం నీళ్లు తోడే ఇన్‌టేక్‌కు కొంత పైన ఒక వాగు వచ్చి నదిలో కలుస్తుంది. వాన పడ్డా అందులో నీళ్లు ఇంకా పల్చగానే ఉన్నాయి, ఒడ్డు రాళ్లకు నల్లటి జిడ్డు పట్టి ఉంది. వాగు పైన పాత షెడ్డులో బొగ్గును కాల్చి తారు తీసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి ఎండాకాలం మొదట్లో తెరిచారని మల్లేశం చెప్పాడు. "ఊరోళ్లందరికి ఎరుకే మేడం. మీకు ఎరుకనే అనుకున్న" అన్నాడు. అక్కడి నీళ్లూ, మా ఇన్‌టేక్ దగ్గరి నీళ్లూ పట్టి, వెంటనే ఆసిడ్ వేసి, ఐసులో పెట్టి తెచ్చి, అప్రూవ్డ్ మెథడ్‌తోనే ఆ సాయంత్రం నేనే పరీక్ష చేశాను. ఫినాల్ ఉంటే గాజు గరాటు అడుగున క్లోరోఫాం పొరకు రంగు వస్తుంది. రెండింటికీ వచ్చింది. వాగు నీళ్లకు ముదురు నారింజ రంగు, మా నీళ్లకు లేత రంగు.

ఎంక్వయిరీ వచ్చింది. పిల్ల చావుకు కారణం, స్థానికులు కలుషితమైన బావి నీటిని వాడడం. ఎంక్వయిరీకి ఇచ్చే రిపోర్టులో ఇంజినీరు సారు రాసుకున్న వాక్యం అది. నేను దానికి రెండో పేజీ రాసి పట్టుకుపోయాను. శాంపిల్ ఎలా పాడైందో, డోసు ఎవరు పెంచమన్నారో, వాళ్లు బావికి ఎందుకు పోయారో అందులో ఉంది.

"పిల్ల పోయింది బావి నీళ్లతోనే కదమ్మా. అబద్ధమేం రాయలేదు నేను. ఇది పెడితే పోయిన పిల్ల రాదు, నీ నౌకరి మాత్రం పోతది" అన్నాడు. బెదిరింపు కాదది, నిజంగానే నా మీద జాలితో అన్నాడు. ఆ జాలిని అడ్డం పెట్టుకుని ఆ పేజీని పది రోజులు నా సొరుగులో ఉంచుకున్నాను.

ఒక మధ్యాహ్నం మల్లేశం టీ తాగుతూ తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు.

"లచ్చవ్వ బువ్వ ముడ్తలేదట మేడం. కోడలు మాట్లాడ్తలేదు. నువ్వు తెచ్చిన నీళ్లే నా బిడ్డను మింగినయని మొహం మీదనే అన్నదట. లైనంత గదే మాట. ముసల్ది గోడకు మొహం వెట్టుకొని కూసుంటంది."

సొరుగులోంచి పేజీ తీసి, ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాను. అటునుంచి అటే చివరి లైనుకు నడిచాను. దాచిపెట్టడానికేముంది, భయమేసింది.

రాజలింగు రెండో షిఫ్టుకు తయారవుతున్నాడు. సరోజ వంటింటి గడపలో ఉంది. లచ్చవ్వ మల్లేశం చెప్పినట్టే గోడ వైపు తిరిగి కూర్చుంది. కుర్చీ చూపించారు గానీ నేను కూర్చోలేదు.

"అవ్వా, నల్లా నీళ్లల్ల నిజంగానే విషం కలిసింది. నీ నోటికి తెలిసింది నిజం. నేను శాంపిల్ సరిగ్గ పంపలే. బ్లీచింగ్ పెంచమన్నది నేనే, వాసన దాంతోనే ఎక్కువైంది. మీరు బాయికి పోయింది నా వల్ల. పోతుంటే చూసి గూడ చెప్పలే."

లచ్చవ్వ మెల్లగా ఇటు తిరిగింది. మొహం పీక్కుపోయి ఉంది.

"అంటే నాకచ్చిన వాసన నిజమేనా?"

"నిజమే."

"మరి నాడెందుకు ఇనలే బిడ్డా?"

మెథడ్, ఆసిడ్, ఇండెంటు, ఆదివారం, అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. ఆ ఇంట్లో అవేవీ చెప్పే మాటలు కావు. "నిన్ను నమ్మలే అవ్వా" అన్నాను. "కాయిదాన్ని నమ్మిన."

రాజలింగు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయి నేల చూస్తున్నాడు. సరోజ గడప దాటి వచ్చింది. ఆమె గొంతు పెద్దది కాలేదు.

"నేను మా అత్తను అనరాని మాటలన్న. ఇప్పుడు మీరచ్చి తప్పు మీదంటున్నరు. మంచిదే. నా బిడ్డ అస్తదా మేడం?"

నేను చేతులు జోడించాను.

"పోండ్రి. మిమ్ముల చూడబుద్ది అయితలేదు."

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి సరోజ గొంతే వినిపించింది. "అత్తా, లే. ఇన్ని బువ్వ తిను. ఎన్నొద్దులుంటవ్ గట్ల?" ఆ తర్వాత ఇద్దరూ ఒక్కసారిగా ఏడ్వడం వినిపించింది. నేను ఆగకుండా నడిచాను.

నా ఉద్యోగం పోలేదు. ఒక మెమో, ఒక ఇంక్రిమెంటు కోత, అంతే. ఫ్యాక్టరీకి నోటీసు పోయింది, వాళ్లు గుంతలు తవ్వుతామని రాసిచ్చారు, ఈలోగా వరద వచ్చి వాగును కడిగేసింది. పీహెచ్‌డీ పూర్తయింది. ఒకదాని తర్వాత ఒకటి తగ్గిపోయిన ఆ మూడు గీతలనూ థీసిస్‌లో వేశాను. అవి ఎవరి కోసం పరీక్షించిన నీళ్లో రాసుకునే చోటు థీసిస్‌లో ఉండదు. రిటైరయ్యే దాకా ఏ రిపోర్టులోనూ మళ్లీ నిల్ అని రాయలేదు. శాంపిల్ పట్టిన ఎన్ని గంటలకు, ఏ పద్ధతిలో వెతికితే దొరకలేదో రాసేదాన్ని. చాదస్తమని నవ్వినవాళ్లున్నారు. నవ్వనిచ్చాను.

తప్పు ఒప్పుకుంటే గుండె బరువు తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు, తగ్గాలనీ లేదు. పాడైన శాంపిల్‌ను మళ్లీ పట్టి పరీక్ష చేయొచ్చు. కానీ మన తప్పు తాలూకు నింద ఇంకెవరి నెత్తినో పడినప్పుడు, ఆ మనిషి దగ్గరికి ఆ రోజే పోవాలి. నేను పది రోజులు ఆగాను. ఆ పది రోజులూ లచ్చవ్వ తన చేతులతోనే మనవరాలిని చంపుకున్నానని నమ్మింది.